పాత జీపుకి లిఫ్ట్ కిట్.. మూడు అంగుళాల ఎత్తు వెనక ఉన్న రిస్క్ ఏంటి? చట్టం ఏం చెబుతోంది?

పాత జిప్సీ, పాత థార్, మేజర్, ఎంఎం 540.. ఈ బండ్లకి ఇప్పుడు మళ్లీ క్రేజ్ వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో కొనడం, షెడ్డుకి తీసుకెళ్లడం, లిఫ్ట్ కిట్ వేయించి పెద్ద టైర్లు ఎక్కించడం.. ఆ తర్వాత రీల్! వికారాబాద్ అనంతగిరి అయినా, మారేడుమిల్లి ఘాట్ అయినా వీకెండ్ వస్తే ఇలాంటి బండ్లు కనిపిస్తూనే ఉన్నాయి. అయితే బండి ఎత్తు పెంచడం అంటే స్టిక్కర్ అతికించినంత ఈజీ కాదు. బ్రేకులు, స్టీరింగ్, బోల్తా పడే అవకాశం.. అన్నీ దాంతో పాటే మారిపోతాయి. పైగా చట్టం ప్రకారం జేబుకి చిల్లు పడొచ్చు, జైలు శిక్ష కూడా పడొచ్చు.

ఇప్పుడే ఈ చర్చ ఎందుకంటే..

సొంత వాడకం బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకే చెల్లుతుంది. ఆ తర్వాత బండిని అధికారులకి చూపించి, ఫిట్‌గా ఉందని తేలితేనే ఐదేళ్లకి రెన్యువల్ అవుతుంది. 2022 ఏప్రిల్ నుంచి కార్లు, జీపుల లాంటి తేలికపాటి వాహనాల రెన్యువల్ ఫీజు 5,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో కేంద్రం 20 ఏళ్లు దాటిన వాటికి దాన్ని 10,000 రూపాయలకి పెంచింది.

మారుతి జిప్సీ 1985లో మార్కెట్లోకి వచ్చింది. మొదటి తరం మహీంద్రా థార్ వచ్చింది 2010లో. అంటే పాత జిప్సీల్లో చాలావాటికి ఈ గడువు ఎప్పుడో దాటింది. తొలి థార్‌లకి ఇప్పుడే 15 ఏళ్లు నిండుతున్నాయి. లిఫ్ట్ వేయించుకున్న ఓనర్లందరూ ఏదో ఒక రోజు ఆ బండితోనే ఆర్టీఓ ఆఫీసు ముందు నిలబడాల్సిందే. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఇంతకీ లిఫ్ట్ అంటే ఏంటి?

ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి బాడీ లిఫ్ట్. ఛాసిస్‌కి, బాడీకి మధ్య దిమ్మెలు పెట్టి బాడీని మాత్రమే పైకి లేపుతారు. రెండోది సస్పెన్షన్ లిఫ్ట్. ఇందులో కమాన్ పట్టీలు, షాక్ అబ్జార్బర్లు మార్చి ఛాసిస్‌ని కూడా లేపుతారు.

జిప్సీకి నాలుగు చక్రాల దగ్గరా కమాన్ పట్టీలే. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఆ పట్టీలు యాక్సిల్ కింద ఉంటాయి. ఎక్కువ వంపు ఉన్న కొత్త పట్టీలు వేయడం ఒక పద్ధతి. పట్టీ చివర ఉండే షాకిల్‌ని పొడవైనది వేయడం చవక పద్ధతి. అయితే షాకిల్ రెండు అంగుళాలు పెంచితే బండి లేచేది సుమారు ఒక అంగుళమే. పట్టీలని యాక్సిల్ కింద నుంచి తీసి పైన బిగించేది మూడో పద్ధతి. దీంతో ఏకంగా ఐదు అంగుళాల వరకు ఎత్తు వస్తుంది. రిస్క్ కూడా దీంట్లోనే ఎక్కువ.

పాత థార్ సీఆర్‌డీఈ కథ వేరు. దానికి ముందు వైపు టార్షన్ బార్లు ఉంటాయి. అడ్జస్టింగ్ బోల్ట్ తిప్పితే చాలు, ముందు భాగం లేస్తుంది. కొత్త పార్టు కొనే పనే లేదు! కానీ అలా లేపిన బండికి చక్రం కిందకి దిగాల్సిన చోట దిగడానికి జాగా మిగలదు. గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది. యాక్సిల్ షాఫ్టుల జాయింట్లు ఎప్పుడూ వంకరగా తిరుగుతూ ఉంటాయి. వాటి రబ్బరు బూట్లు చిరిగిపోతే లోపలికి దుమ్ము, నీళ్లు చేరి జాయింటే పోతుంది.

ఎత్తు పెరిగినా కింద తగిలేది తగులుతూనే ఉంటుంది

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. రెండు చక్రాల్ని ఒకే యాక్సిల్ కలిపే జిప్సీ లాంటి బండ్లలో సస్పెన్షన్ ఎంత లేపినా యాక్సిల్ మధ్యలో ఉండే డిఫరెన్షియల్ ఒక్క మిల్లీమీటర్ కూడా పైకి లేవదు. యాక్సిల్ చక్రాలతో పాటే ఉంటుంది కాబట్టి దాని ఎత్తు పెరగాలంటే టైరు సైజు పెరగాల్సిందే. లిఫ్ట్ వల్ల వచ్చే అసలు లాభం పెద్ద టైర్లకి చోటు దొరకడం. దాంతో పాటు గట్టు ఎక్కేటప్పుడు బంపర్, మిట్ట దాటేటప్పుడు ఛాసిస్ మధ్య భాగం తగలకుండా ఉంటాయి. అంతకు మించి ఏమీ లేదు.

జిప్సీ కింగ్‌లో కనిపించే 205/70 ఆర్15 టైరు వ్యాసం లెక్క ప్రకారం సుమారు 668 మిల్లీమీటర్లు. దాని బదులు 235/75 ఆర్15 వేస్తే 733 మిల్లీమీటర్లు దాటుతుంది. డిఫరెన్షియల్ కింద దొరికే అదనపు జాగా ఇందులో సగం, అంటే 33 మిల్లీమీటర్ల లోపే. కానీ చక్రం దాదాపు 10 శాతం పెద్దదవుతుంది. స్పీడోమీటర్‌లో 60 చూపిస్తుంటే బండి 66 దగ్గర పోతుంటుంది. పికప్ తగ్గుతుంది. ముఖ్యంగా, అవే పాత బ్రేకులు అంత పెద్ద, బరువైన చక్రాల్ని ఆపాలి.

అసలు డేంజర్ ఎక్కడ?

బండి బోల్తా పడే స్వభావాన్ని కొలవడానికి అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఒక సింపుల్ లెక్క వాడుతుంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరాన్ని గరిమనాభి ఎత్తుకి రెట్టింపుతో భాగిస్తారు. మామూలు కార్లకి ఈ నంబర్ 1.30 నుంచి 1.50 మధ్య ఉంటుంది. ఎస్‌యూవీలకి 1.00 నుంచి 1.30. నంబర్ తగ్గే కొద్దీ బోల్తా పడే ఛాన్స్ పెరుగుతుంది.

ఉదాహరణకి చక్రాల మధ్య 1,300 మిల్లీమీటర్ల దూరం, 650 మిల్లీమీటర్ల ఎత్తులో గరిమనాభి ఉన్న ఇరుకు జీపుని తీసుకుంటే నంబర్ సరిగ్గా 1.00. మూడు అంగుళాల లిఫ్ట్ వేసి గరిమనాభి 60 మిల్లీమీటర్లు లేచిందనుకుంటే అది 0.92కి పడిపోతుంది. దానికి తోడు పైన క్యారియర్, దాని మీద స్పేర్ టైరు, టెంట్ సామాను ఎక్కిస్తే ఇంకా తగ్గుతుంది. గుంతల్లో నెమ్మదిగా పోయినప్పుడు ఈ తేడా పెద్దగా తెలియదు. హైవే మీద 80లో పోతుంటే కుక్కో గేదో అడ్డొచ్చి స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పినప్పుడు తెలుస్తుంది.

జిప్సీ కుటుంబానికి ఈ చర్చ కొత్తేం కాదు. అదే కోవకు చెందిన సుజుకి సమురాయ్‌ని 1988లో అమెరికా పత్రిక కన్స్యూమర్ రిపోర్ట్స్ పరీక్షించి, బోల్తా పడే ప్రమాదం ఉందంటూ ఆమోదయోగ్యం కాదని రేటింగ్ ఇచ్చింది. ఆ పరీక్షలు సరైనవి కావంటూ సుజుకి 1996లో కోర్టుకెక్కింది. 2004లో ఇద్దరూ రాజీ పడ్డారు. ఎవరిది కరెక్ట్ అన్నది పక్కన పెడితే, గమనించాల్సింది ఒకటే. అంత గొడవ జరిగింది లిఫ్ట్ వేయని, కంపెనీ ఎత్తులో ఉన్న బండి గురించి!

షెడ్డులో వదిలేసే పనులు

లిఫ్ట్ కిట్ బిగించడంతో పని అయిపోదు. బ్రేక్ గొట్టాలు పొడవు సరిపోక, చక్రం పూర్తిగా కిందకి వేలాడినప్పుడు లాగినట్టు అవుతాయి. తెగితే బ్రేకులు పోతాయి. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి జాయింట్లు అరుగుతాయి, వణుకు మొదలవుతుంది. స్టీరింగ్ రాడ్డు వాలుగా అవడంతో గుంత వచ్చినప్పుడల్లా బండి తనంతట తానే పక్కకి లాగుతుంది. ముందు చక్రాల కాస్టర్ కోణం తప్పితే మలుపు తర్వాత స్టీరింగ్ మధ్యకి రాదు.

కొన్ని బండ్లలో వెనక బరువుని బట్టి బ్రేక్ ప్రెషర్ సర్దే వాల్వ్ ఉంటుంది. బండి వెనక భాగం లేచేసరికి, బరువు లేదేమో అనుకుని ఆ వాల్వ్ వెనక బ్రేకుల్ని తగ్గించేస్తుంది. హెడ్‌లైట్లు కూడా అంతే. మళ్లీ కిందకి సెట్ చేయకపోతే ఎదురుగా బైక్ మీద వచ్చేవాళ్ల కళ్లలోకే కొడతాయి. అంటే రిస్క్ ఓనర్ ఒక్కడిది కాదు, రోడ్డు మీద ఉన్న అందరిదీ.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకి, ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా ఓనర్ బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళకి చెందిన కేసులో ఇదే విషయాన్ని తేల్చి చెప్పింది. జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్‌ల బెంచ్ అంతకుముందు కేరళ హైకోర్టు ఇచ్చిన వెసులుబాటుని పక్కన పెట్టింది.

అదే ఏడాది పార్లమెంటు చట్టాన్ని సవరించి సెక్షన్ 182ఏని మార్చి రాసింది. అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఒక్కో మార్పుకి అన్న మాటే ఇక్కడ కీలకం. పట్టీలు, టైర్లు, బంపర్.. మూడింటినీ మూడు మార్పులుగా లెక్కేస్తే 15,000 రూపాయలు. అంతకుముందే, 2017 డిసెంబరులో బుల్ బార్లపై చర్యలు తీసుకోవాలని కేంద్రం రాష్ట్రాలకి లేఖ రాసింది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. మార్పు అంటే బండి మౌలిక లక్షణం మారేలా నిర్మాణంలో చేసే మార్పు అని సెక్షన్ 52 వివరణ చెబుతోంది. సొంత బండి ఆర్‌సీ కార్డు మీద సాధారణంగా ఎత్తు ఉండదు. మరి ఒక అంగుళం లిఫ్ట్ మౌలిక లక్షణాన్ని మార్చినట్టా, కాదా? మూడు అంగుళాలైతే? ఈ గీత ఎక్కడుందో స్పష్టత లేకపోవడంతో నిర్ణయం అక్కడున్న అధికారి చూపు మీదే ఆధారపడుతోంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా క్లెయిమ్‌ని ప్రశ్నించడానికి ఇదే పాయింట్ దొరుకుతుంది.

దారి లేదా?

ఉంది. మార్పులకి ప్రమాణాలు, ఆమోదం పద్ధతి కేంద్రమే నిర్ణయించవచ్చని 2019 సవరణలోనే రాసుంది. సీఎన్‌జీ కిట్లకి, ఎలక్ట్రిక్ రెట్రోఫిట్‌కి అలాంటి దారి ఇప్పటికే వేశారు. లిఫ్ట్ కిట్లకి మాత్రం అలాంటి ప్రత్యేక పద్ధతి లేదు. ఆస్ట్రేలియాలో తేలికపాటి వాహనాల మార్పులకి జాతీయ కోడ్ ఉంది. పరిమితి దాటి ఎత్తు పెంచితే సర్టిఫికెట్ తీసుకోవాలి. అక్కడి వీడియోలు చూసి ఇక్కడ లిఫ్ట్ వేయించుకునేవాళ్లకి వీడియోలో బండి కనిపిస్తుంది కానీ ఆ సర్టిఫికెట్ కనిపించదు.

ఇక్కడ కిట్లు ఆన్‌లైన్‌లో ఓపెన్‌గా అమ్ముడవుతున్నాయి. బిగించే షెడ్లు రీల్స్‌లో ప్రచారం చేసుకుంటున్నాయి. కేసు పడేది మాత్రం చివరికి ఓనర్ మీద. దీంతో రెన్యువల్ టైమ్‌లో పాత పట్టీలు ఎక్కించి చూపించడం, ఇంటికొచ్చాక మళ్లీ లిఫ్ట్ బిగించుకోవడం అనే షార్ట్‌కట్‌కి తలుపు తెరిచినట్టవుతోంది. అలా జరిగితే తనిఖీ చేసిన బండి ఒకటి, రోడ్డు మీద తిరిగే బండి ఇంకొకటి. భద్రత కోసం పెట్టిన పరీక్షకి అర్థమే లేకుండా పోతుంది.

పూర్తిగా నిషేధం అయితే దాన్ని అమ్మేవాళ్ల దగ్గర నుంచే అమలు చేయాలి. పరిమితితో అనుమతి అయితే ఎన్ని అంగుళాలు, ఏ టైరు, ఎవరు చెక్ చేయాలి అన్నది రాసి పెట్టాలి. అప్పటిదాకా పాత జీపు ఓనర్‌కి సేఫ్ దారి ఒక్కటే. కంపెనీ ఎత్తులోనే మంచి పట్టీలు, మంచి షాక్ అబ్జార్బర్లు, కంపెనీ చెప్పిన సైజులో గ్రిప్ ఉన్న టైర్లు. అనంతగిరి మట్టి రోడ్డుకి అవి చాలు. 15 ఏళ్లు నిండిన బండి ఆర్టీఓ గేటు దాటి బయటికి రావడానికీ అవే చాలు.