సైటేషన్ల లెక్కలో సాగు ఎవరిది, పట్టా ఎవరిది?

మెడికల్ కాలేజీలో ప్రమోషన్‌కైనా, పరిశోధన గ్రాంటుకైనా ఇప్పుడు ముందు అడిగేది ఒకటే: ఎన్ని పేపర్లు, ఎన్ని సైటేషన్లు? ఒకరి పేపరును ఇతరులు తమ పేపర్లలో ప్రస్తావిస్తే అది సైటేషన్. కనీసం పదేసి సైటేషన్లు ఉన్న పేపర్లు పది ఉంటే హెచ్-ఇండెక్స్ పది. 2005లో ఒక భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించిన ఈ అంకె ఇవాళ మనిషి ప్రతిభకే తూకపు రాయి అయింది. అంకెకు కులం ఉండదంటారు. మేము ఒప్పుకోం.

తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకునే యల్లాప్రగడ సుబ్బారావు రికార్డునే చూద్దాం. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతిని ప్రచురించారు. వేల సైటేషన్లు వచ్చిన పేపరు అది. ప్రయోగశాలలో రోజూ వాడే పద్ధతి కాబట్టి వాడిన ప్రతివాళ్లూ ప్రస్తావించారు. అసలు తిరకాసు ఆ తర్వాత మొదలవుతుంది. హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత స్థానం దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లిపోయారు. సుబ్బారావు పనిని ఫిస్కే బయటికి రానివ్వలేదని, దాంతో కొన్ని పదార్థాలను ఇతరులు ఏళ్ల తర్వాత మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని నోబెల్ గ్రహీత జార్జ్ హిచింగ్స్ తర్వాతి కాలంలో చెప్పారు.

లెడర్లీలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. ఆ పేపర్లో రచయితలు చాలామంది. మొదటి పేరు ఏంజియర్‌ది, సుబ్బారావు మొదటి ముగ్గురిలో లేరు. అదే బృందం ఇచ్చిన అమినోప్టెరిన్‌తో 1948లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు చికిత్స చేసి పేపరు రాశారు. అందులో రచయితగా సుబ్బారావు పేరే లేదు. 2022 నాటి జాతీయ వైద్య కమిషన్ నిబంధన ప్రకారం, ప్రమోషన్‌కు పేపరు లెక్కలోకి రావాలంటే మొదటి ముగ్గురిలోనో, కరెస్పాండింగ్ రచయితగానో ఉండాలి. ఆ తూకంలో పెడితే ఫోలిక్ ఆమ్లం పేపరు కూడా తేలిపోయేది!

సుబ్బారావు బ్రాహ్మణుడు. చదువు తరతరాలుగా ఇంట్లో ఉన్న కులం. అయినా పరాయి దేశంలో పెద్దమనిషి గదిలో ఆయన పేరు వెనక్కి జరిగింది. మరి గైడ్ గదిలోకి చెప్పులు విడిచి వెళ్లే మాదిగ, మాల పిల్లల పేరు ఎన్నో వరుసలో ఉంటుంది? ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులపై వివక్షను పరిశీలించిన సుఖదేవ్ థోరాట్ కమిటీ 2007లోనే వైవాలు, అధ్యాపకుల తీరు గురించి రాసింది. రచయితల వరుస తేలేదీ ఆ అధ్యాపకుల చేతుల్లోనే. పైగా కొన్ని పత్రికలు ప్రచురణకు లక్ష రూపాయలు దాటి వసూలు చేస్తాయి. స్కాలర్‌షిప్ కోసం నెలల తరబడి ఎదురుచూసే విద్యార్థి ఎక్కడినుంచి తేవాలి?

పాలకుర్తిలో ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. కౌలు భూమిలో తాను పండించిన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన చాకలి ఐలమ్మ ఊరు ఇది. సాగు చేసేది ఒకరు, కాగితం మీద పేరు ఇంకొకరిది. దాన్ని ఇక్కడ ‘మెరిట్’ అని ఎవరూ అనలేదు.

వైద్య పరిశోధనలో ఈ సాగు మరీ కిందిదాకా ఉంది. బోదకాలుకు ఊరూరా మింగించే డీఈసీ మాత్ర కూడా సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధనలోంచి వచ్చిందే. ఆ మాత్రను వాడకు మోసుకొచ్చి, మింగేదాకా ఎదుట నిలబడి, రిజిస్టర్‌లో రాసేది ఆశా కార్యకర్త. ఆ రిజిస్టర్లు లేకుండా మాత్ర ఎంత పనిచేసిందో తేల్చే పేపరు లేదు. అచ్చయ్యాక ఆమెకు దక్కేది మహా అయితే చివర్లో ‘క్షేత్ర సిబ్బందికి కృతజ్ఞతలు’ అనే ముక్క.

ప్రభుత్వమిచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో పరిశోధనకు 30 మార్కులు. అందులో పెద్ద వాటా పేపర్లది, సైటేషన్లది. మహిళలు, వికలాంగులు, వెనుకబడిన వర్గాల విద్యార్థులు ఎందరున్నారో చూసే విభాగానికి అన్నీ కలిపి 10. కాలేజీలు దేని వెంట పరిగెడతాయో ఊహించడం కష్టం కాదు.

పేపర్లు లెక్కించొద్దని మేము అనడం లేదు. ప్రతి పేపర్లో ఎవరు ఏ పని చేశారో రాయాలి, ప్రమోషన్ కమిటీలు రచయిత వరుసను కాదు, ఆ వివరాన్ని చూడాలి. వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం తన పరిధిలోని కాలేజీల్లో గైడ్లు, ప్రథమ రచయితలు ఏ సామాజిక వర్గాల వాళ్లో వర్గాలవారీ సంఖ్యలు బయటపెట్టాలి. పెట్టకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, పది రూపాయల దరఖాస్తు. విద్యార్థి సంఘాలు ఈ సెమిస్టర్‌లోనే ఆ పని మొదలుపెట్టొచ్చు.