ఆయా మీద అనుమానం వచ్చిన రోజున

ఆమధ్య ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక యువ జంట ఇంటికి వెళ్లకుండా నా కోసం ఆగారు. ఇద్దరూ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. పాపకు పది నెలలు. "అయ్యగారూ, పాప పగలంతా నిద్రపోతోంది. మేం వచ్చేసరికి కూడా మత్తుగానే ఉంటోంది. ఆయాను అడిగితే మానేస్తుందేమోనని భయం. అడక్కపోతే పాపకు ఏమవుతుందోనని భయం" అన్నారు. నా గుండె జారిపోయింది. ఆ ఆయాను వాళ్లింట్లో చేర్పించింది నేనే. ఆమె మా సంఘ సభ్యురాలే, ఎప్పుడూ వెనక వరుసలో కూర్చుంటుంది. నమ్మకమైన మనిషి అని చెప్పాను గానీ, పసిబిడ్డను చూసుకోవడం గురించి ఆమెను ఒక్క మాట కూడా అడగలేదు.

ఇది ఆ ఒక్క ఇంటి భయం కాదు. 2022 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని సూరత్‌లో ఎనిమిది నెలల బాబును చూసుకోవడానికి పెట్టుకున్న మనిషే కొట్టడంతో మెదడులో రక్తస్రావమైంది. తల్లిదండ్రులు లేనప్పుడు పిల్లల ఏడుపు ఎక్కువగా వినిపిస్తోందని ఇరుగుపొరుగువారు చెప్పాకే ఆ ఇంట్లో కెమెరా పెట్టారు. సరిగ్గా ఏడాదికి, 2023 ఫిబ్రవరిలో, గురుగ్రామ్ నుంచి మరో వార్త వచ్చింది. ఏజెన్సీ ద్వారా పనికి కుదిరిన జార్ఖండ్ మైనర్ బాలికను చిత్రహింసలు పెట్టారన్న కేసులో యజమాని దంపతులు అరెస్టయ్యారు. మొదటి వార్త లాంటివి మన వాట్సాప్ గ్రూపుల్లో గంటలో చుట్టేస్తాయి. రెండో రకం వార్తలు చదివి పక్కన పెడతాం. తలుపు వేసిన ఇంట్లో మాట రాని బిడ్డ ఉంది, మాట చెల్లని పనిమనిషి కూడా ఉంది. ముందు బిడ్డను చూడాలి. అలాగని రెండో మనిషిని మరచిపోకూడదు.

అమ్మమ్మలు, నానమ్మలు చేసిన పని ఇప్పుడు జీతానికి చేయించుకుంటున్నాం. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇరువైపుల తల్లులనూ ఆరేసి నెలలు పిలిపించుకుంటారు, గడువు తీరాక డేకేరే గతి. ఇక్కడ 2017 చట్ట సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం కల్పించాలని కూడా అదే సవరణ చెప్పింది. చిన్న సంస్థలో పనిచేసే తల్లికి ఆ దారి లేదు. ఆయాల సంగతి మరీ అన్యాయం. ఇంటి పనివారి కోసం దేశమంతటికీ ఒక సమగ్ర చట్టం ఉండాలా అన్నది పరిశీలించమని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది. శిక్షణ లేదు, పని గంటల లెక్క లేదు. ఎవరో ఒకరు "మంచిదే" అంటే చాలు, అదే అర్హత. మా సంఘంలో ఆ మాట అన్నది నేను.

అనుమానం వచ్చినప్పుడు మనం రెండు రకాలుగా తప్పు చేస్తాం. కొందరు ఇంకో మనిషి దొరకదని కళ్లు మూసుకుంటారు. కొందరు అపార్ట్‌మెంటంతా వినేలా కేకలు వేసి, బ్యాగు వెతికి, బయటికి గెంటేస్తారు. మొదటిదాని వల్ల బిడ్డ నష్టపోతుంది. రెండోదాని వల్ల, ఒకవేళ ఆయా తప్పు లేకపోతే, ఆ వీధిలో ఆమెకు మళ్లీ పని పుట్టదు.

చూసినదాన్ని ముందు వేరు చేసుకోవాలి. పది నెలల బిడ్డ ఆయాను చూసి ఏడ్చినంత మాత్రాన ఆమె కొట్టినట్టు కాదు. ఆ వయసులో తల్లి కదిలితే ఏడవడం సహజం. ఫోన్ చూస్తూ కూర్చోవడం, వేళకు పాలు పట్టకపోవడం నిర్లక్ష్యం. కూర్చోబెట్టి మాట్లాడి, ఒక గడువు పెట్టి సరిచేయవచ్చు. ఇంకా పాకడం రాని బిడ్డ ఒంటి మీద కమిలిన మచ్చలు, చెవుల మీద, చెంపల మీద దెబ్బలు, కారణం తెలియని మత్తు, వాంతులు వేరే సంగతి. పసిబిడ్డను గట్టిగా కుదిపితే పైకి ఒక్క గాయం కనబడకుండానే మెదడులో రక్తస్రావం కావచ్చు. అప్పుడు తేల్చుకుందాం అని ఆగకూడదు. బిడ్డను ఆమె చేతికి ఇవ్వకుండా నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాలి, చూసినదంతా చెప్పి కాగితం మీద రాయించుకోవాలి.

కొట్టినట్టు తేలితే పోలీసులకు చెప్పాలి. 112 ఉంది, పిల్లల కోసం 1098 ఉంది. సంరక్షణలో ఉన్న బిడ్డను హింసించడం 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం జైలు శిక్ష పడే నేరం. లైంగిక వేధింపు అయితే, తెలిసి కూడా చెప్పకపోవడమే పోక్సో చట్టం కింద నేరం. పరువు పేరుతో సంఘ పెద్దలు రాజీ చేయడానికి అక్కడ చోటే లేదు. వీడియో ఉంటే పోలీసులకు ఇవ్వాలి, గ్రూపుల్లో పెట్టకూడదు. ఇంట్లో కెమెరా పెట్టుకుంటే ఆయాకు ముందే చెప్పి పెట్టండి. ఆమె పడుకునే చోట, బట్టలు మార్చుకునే చోట వద్దు.

మా సంఘంలో ఏం జరిగిందో చెబుతాను. డాక్టరు పాపను చూసి ప్రమాదం లేదన్నారు. మత్తుకు కారణం జలుబు సిరప్ అని తేలింది. ఆయాను ఎదురుగా కూర్చోబెట్టి అడిగాం. ఆమె దాచలేదు. "పాత ఇంట్లో అమ్మగారే పొయ్యమనేవారు అయ్యగారూ. జలుబు మందే కదా అనుకున్నాను. పొద్దున ఎనిమిదికి వస్తే రాత్రి తొమ్మిదింటికి గానీ వాళ్లు రారు. బిడ్డ పడుకుంటే తప్ప నేను అన్నం తినేది ఎప్పుడు?" అంది. జలుబు సిరప్‌లలో తరచుగా వాడే ఒక మందుల మిశ్రమాన్ని నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని కేంద్ర ఔషధ నియంత్రణ విభాగం 2023 డిసెంబరులోనే చెప్పింది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె చేసింది ప్రమాదకరమైన తప్పు. పదమూడు గంటలు విరామం లేకుండా చేయించుకోవడం కూడా తప్పే. ఆ తల్లిదండ్రులు ఆమెను మాన్పించారు, నేను కాదనలేదు. చేసిన రోజుల జీతం లెక్కకట్టి ఇచ్చి పంపారు. అది వాళ్ల మంచితనం.

రెండు నెలలకు ఇంకో కుటుంబం ఆమె గురించి నన్ను అడిగింది. మౌనంగా ఉంటే ఇంకో బిడ్డకు ప్రమాదం. "ఆమె మంచిది కాదు" అంటే అది అబద్ధం. జరిగింది జరిగినట్టు, ఆమెకు ముందు చెప్పి, ఆమె ఎదుటే చెప్పాను. వాళ్లు పసిబిడ్డ పనికి పెట్టుకోలేదు గానీ, వంటకు పెట్టుకున్నారు.

సెమినరీలో హెబ్రీ చదివిన రోజుల్లో ఒక మాట దగ్గర ఆగిపోయాను. నయోమి తన ఒడిలో ఓబేదును పెంచినప్పుడు, ఐదేళ్ల మెఫీబోషెతును దాది ఎత్తుకుని పరుగెత్తినప్పుడు, దాదికి వాడిన హెబ్రీ మాట ఒకటే. మన 'ఆమేన్' కూడా అదే ధాతువు నుంచి వచ్చింది. నిలకడ, నమ్మకం దాని అర్థం. మెఫీబోషెతు దాది ఆ బిడ్డను కాపాడాలనే పరుగెత్తింది. ఆ తొందరలోనే బిడ్డ పడి కుంటివాడయ్యాడు. మంచి మనసు ఉన్నంత మాత్రాన బిడ్డ క్షేమంగా ఉండదని ఆ ఒక్క సంఘటన చాలు.

గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి కువైట్ వెళ్లి పరాయి బిడ్డలను సాకుతున్న అక్కలు మన సంఘాల్లోనే ఉన్నారు. అక్కడ వాళ్లను ఎలా చూడాలని మనం ప్రార్థిస్తున్నామో, మన ఇంటి ఆయాను అలా చూస్తున్నామా? కాపరులు, పెద్దలు ఇకమీదట "మంచి మనిషి" అని ఊరికే చెప్పకండి. అంతకుముందు పనిచేసిన ఇంటివారితో మాట్లాడండి. మందు ఏది ఇవ్వకూడదో, బిడ్డ ఊపిరాడకపోతే ఏం చేయాలో సంఘంలో ఉన్న నర్సు చేత ఒక పూట నేర్పించండి. తల్లిదండ్రులు మొదటి వారమైనా ఇంట్లో ఉండి చూడండి, అప్పుడప్పుడు చెప్పకుండా ఇంటికి రండి, ఆమె అన్నానికీ విశ్రాంతికీ వేళ పెట్టండి.

ఆ పాప ఇప్పుడు నడుస్తోంది. మొన్న ఆదివారం వెనక వరుస దాకా తప్పటడుగులు వేసుకుంటూ వెళ్లి, ఆ పాత ఆయా కొంగు పట్టుకుంది. తల్లి చూసింది, ఆపలేదు.