గుండె తడబాటుకు చీటీయే సాక్ష్యం

వేరుశనగ చేలో కలుపు తీస్తూ పెద్దాయన ఒకరు ఉన్నట్టుండి కుప్పకూలితే మన పల్లెల్లో వినిపించే మాట ఒక్కటే: ఎండదెబ్బ. నీడన కూర్చున్న ఆడమనిషి కళ్ళు తేలవేస్తే మూర్ఛ అంటారు, గాలి సోకిందంటారు. ముఖాన నీళ్ళు చల్లి, చేతికి తాయెత్తు కట్టి, మనిషి లేచి కూర్చోగానే అందరూ తేలికపడతారు. అయితే అలా పడిపోయిన వారిలో కొందరికి ఎండా కారణం కాదు, గాలీ కారణం కాదు. గుండె కొట్టుకునే వరుస తప్పడమే అసలు కారణం. ఈ సంగతి పల్లెలకు సరిగా చేరకపోవడం శోచనీయం.

ఉరవకొండ వారికి మగ్గం సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. నాడె వరుసగా ఆడినంతసేపే నేత సాగుతుంది. గుండె కూడా అంతే. దానిలోనే పుట్టే సన్నని విద్యుత్తు నిమిషానికి 60 నుంచి 100 సార్లు దానిని కొట్టిస్తుంది. ఆ విద్యుత్తుకు దారి మూసుకుపోతే నాడి 40కి, 30కి పడిపోయి మనిషి సొమ్మసిల్లుతాడు. అడ్డదారి దొరికితే గుండె 180, 200 సార్లు పరుగెడుతుంది. పై గదులు వరుస లేకుండా వణికితే అక్కడ నెత్తురు గడ్డకట్టి, అది మెదడుకు చేరి పక్షవాతం తెస్తుంది.

ఈ వరుసను చక్కదిద్దేందుకే ప్రత్యేక వైద్యులున్నారు. వీరి చదువు చిన్నది కాదు. ఎం.బి.బి.ఎస్. అయిదున్నరేళ్ళు, ఎం.డి. మూడేళ్ళు, గుండె వైద్యంలో డి.ఎం. మరో మూడేళ్ళు. ఆపైన గుండె లయ మీద ఒకటి రెండేళ్ళ శిక్షణ. పన్నెండు, పదమూడేళ్ళు గడిస్తే గాని ఒక వైద్యుడు తయారు కాడు.

హైదరాబాదులో ఈ వైద్యంలో పేరు పొందిన వారిలో డాక్టర్ కాలంబూర్ నరసింహన్ ఒకరు. ఆయన అమెరికాలోని మిల్వాకీలో పనిచేశారు. గుండె కవాటాల శస్త్రచికిత్స తరువాత కొందరిలో వచ్చే ప్రమాదకరమైన లయ తప్పుపై 1997లో 'సర్క్యులేషన్' వైద్య పత్రికలో వచ్చిన వ్యాసానికి మొదటి రచయిత ఆయనే. తరువాత హైదరాబాదు కేర్ ఆసుపత్రిలో చాలాకాలం పనిచేసి, ఏ.ఐ.జి. ఆసుపత్రికి మారారు.

కేర్ ఆసుపత్రిలో ఆయనా, తోటి వైద్యులూ కలిసి 2011లో ప్రకటించిన పరిశోధన మన పల్లెలకు ముఖ్యమైనది. గుండె బలం తగ్గకపోయినా లయ ప్రమాదకరంగా తప్పిన రోగుల్లో ఛాతీలోని బిళ్ళలు వాచి ఉండడం వారు గమనించారు. పరీక్షించగా కొందరిలో క్షయ బయటపడింది. లయ తప్పడానికి గుండెలో చేరిన ఆ రోగమే మూలమన్నమాట. క్షయ మన పల్లెలకు కొత్త కాదు. అది ఊపిరితిత్తులకే పరిమితమనుకోవడం పొరపాటు.

మందగించిన నాడికీ వైద్యముంది. 1958 అక్టోబరు 8న స్వీడన్‌లో ఆర్నే లార్సన్ అనే రోగి శరీరంలో ప్రపంచంలోనే మొదటిసారిగా పేస్‌మేకర్ అమర్చారు. ఒకటి పాడైతే మరొకటి మార్చుకుంటూ ఆయన 86 ఏళ్ళు బతికి 2001లో కన్నుమూశారు. పరుగెత్తే గుండెకైతే తొడ దగ్గరి నరం గుండా సన్నని తీగె పంపి, అడ్డదారిని వేడితో మూసివేస్తారు. చాలామందికి దానితో బాధ తీరిపోతుంది.

కాని ఎంత గొప్ప వైద్యుడికైనా ఒక చిక్కు ఉంది. లయ తప్పడం దొంగలాంటిది. పల్లెలో దడ వచ్చి, పట్నం చేరేలోగా తగ్గిపోతే, అక్కడ తీసిన ఇ.సి.జి. మామూలుగానే ఉంటుంది. దడ ఉన్నప్పుడే ఊరి దగ్గర తీసిన ఇ.సి.జి. చీటీ ఒక్కటి చేతిలో ఉంటే సగం వైద్యం అయినట్టే. పదమూడేళ్ళ చదువుకు సాక్ష్యం అందించేది ఆ చీటీయే.

కనుక ఉరవకొండ ప్రభుత్వాసుపత్రిలోనూ, చుట్టుపక్కల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ రాత్రీ పగలూ ఇ.సి.జి. తీసేవారు అందుబాటులో ఉండేలా అధికారులు చూడాలి. తీసిన చీటీని రోగి చేతికి తప్పక ఇవ్వాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, తరువాత ఎన్టీఆర్ వైద్యసేవగా పేరు మారిన పథకంలో గుండె చికిత్సలు ఏవేవి ఉన్నాయో ఊరూరా చెప్పించాలి.

ప్రజల బాధ్యతా కొంత ఉంది. ఇ.సి.జి. చీటీని రేషన్ కార్డుతో సమానంగా దాచుకోవాలి. బొటనవేలి వైపు మణికట్టు మీద వేళ్ళుంచి నాడి లెక్కపెట్టడం ఇంటికొకరైనా నేర్చుకోవాలి. నెత్తురు గడ్డకట్టకుండా వైద్యుడిచ్చిన మందును, ఒంట్లో బాగుందని తమంతట తాము మానరాదు. సొమ్మసిల్లి పడినవారిని లేచి కూర్చున్నా సరే ఆసుపత్రికి తీసుకుపోవాలి. తాయెత్తు కట్టదలచినవారు కట్టుకోవచ్చు. కాని ఇ.సి.జి. తీయించిన తరువాతనే.