ముందు చేప సంగతి చెప్పండి, వైన్ తర్వాత

ఈ మధ్య మన ఐటీ జనాలకి కొత్త పిచ్చి ఒకటి పట్టుకుంది. రెండేళ్ళు హ్యూస్టన్‌లో ఆన్‌సైట్ చేసొచ్చి, బీరంగూడలోనో కొల్లూరులోనో విల్లా కొన్న ప్రతివాడూ 'క్రియోల్ సీఫుడ్ నైట్'కి రమ్మంటున్నాడు. గంబో, జంబలాయా, రొయ్యల ఎటూఫే. ఏ కూరకి ఏ వైనో ప్రింటు తీసిన కార్డు కూడానూ. కారానికి కాస్త తీపున్న రీస్లింగట, వేపుడు చేపకి సోవిన్యాన్ బ్లాంకట... (బీరు ఫ్యాక్టరీల జిల్లాలో కూర్చుని!)

వంట మీద నాకేం కోపం లేదండీ. గంబో అనే పేరే ఆఫ్రికాలో బెండకాయ పేరు. బానిసలుగా లూసియానాకి వచ్చిపడ్డ వాళ్ళు వెంట తెచ్చుకున్న మాట. మా అమ్మమ్మకి పెడితే "బెండకాయ రొయ్యల పులుసులో చింతపండు మర్చిపోయారేంట్రా" అనేది :-)

నా గొడవల్లా ఒకటే. గంటసేపు వైన్ గురించి మాట్లాడే పాతికమందిలో ఒక్కడూ "ఈ చేప ఎక్కడిది?" అని అడగడు. అదీ పటాన్‌చెరు పక్కన ఉంటూ!

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నా. పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకుడు జోకిం లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్! శుద్ధి అయ్యాక సుమా. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. 2009లో వచ్చిన మరో పేపర్లో దగ్గరి చెరువు నీళ్ళలోనే 6.5 మిల్లీగ్రాముల దాకా తేలింది. 2017 అక్టోబరులో గండిగూడెం చెరువులో చేపలు లక్షల్లో చచ్చి తేలాయి. పిల్లల్ని వదిలి, పెంచి, అమ్ముకుని బతికే మత్స్యకారులవి అవి.

"మాది భీమవరం రొయ్య, వైజాగ్ చేప, ఇక్కడివి కావు" అంటారు. నేననేదీ అదే. డబ్బున్నవాడు సముద్రాన్ని ఐసుపెట్టెలో తెప్పించుకుని, చెరువుని 'లేక్ వ్యూ' కింద చూసుకుంటాడు. చెరువు మీద బతికేవాడేం చెయ్యాలి? పోనీ, ఆ నీళ్ళలో మందులకి లొంగని బాక్టీరియా పుడితే మీ గేటు దగ్గర సెక్యూరిటీ ఆపుతాడా?

ఆ భీమవరం రొయ్య సంగతీ చూడండి. మన చెరువుల రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో యాంటీబయాటిక్స్ కోసం పరీక్షించేవాటిని యూరప్ 2016లో 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. మీ ప్లేట్లోకొచ్చినదాన్ని ఎవరు పరీక్షించారు?

కాపీ కొట్టేదేదో పూర్తిగా కొట్టండి. 2010 ఏప్రిల్లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో బీపీ బావి పేలి చమురు పారినప్పుడు, వేట ఆపేసి, చేపల్ని పరీక్షించాకే ఒక్కో ప్రాంతం తెరిచారు. రొయ్య దిగుమతిదైతే ఆ మాట హోటలువాడు కస్టమరుకి చెప్పి తీరాలని 2019లో లూసియానా చట్టమే చేసింది. గంబోతో పాటు ఇది కూడా నేర్చుకుని రావద్దా?

ఇక్కడి చెరువుల నీళ్ళనీ చేపల్నీ నెలనెలా పరీక్షించి, ఫలితాలు తెలుగులో గట్టు మీదే బోర్డు పెట్టమని కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ రాశాను. మొన్నటి పార్టీకొచ్చిన పాతికమందినీ సంతకం అడిగాను. ఇప్పటికి నలుగురు పెట్టారు.