ఇంటింటి యంత్రం – ఫోను చెడిందా, డబ్బా చెడిందా?



పోయిన సంచికలో ఇన్వర్టరు బ్యాటరీకి నీళ్లు పోయడం గురించి రాస్తే, ఉత్తరాలు మాత్రం వేరే దాని మీద వచ్చాయి. బళ్లారి నుంచి ఒకరు, హోసూరు నుంచి ఇద్దరు, యానాం నుంచి ఒక అమ్మమ్మగారు, అందరిదీ ఒకటే గోడు. "ఇంట్లో వైఫై ఉంది. నెలనెలా డబ్బు కడుతున్నాం. అయినా నా ఫోనుకు పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?" షోలాపూరు నుంచి రాసిన పెద్దాయన అయితే కొంచెం కోపంగానే, "మా అబ్బాయి చూస్తానంటాడు, చూడడు" అని కూడా చేర్చారు. అబ్బాయిల సంగతి ఈ శీర్షిక పరిధిలోకి రాదు గాని, ఫోను సంగతి చూద్దాం.

ఇదేమంత పెద్ద విషయమా అనుకునేవారికి ఒక మాట. మనలో చాలామంది ఇళ్లు పాతవి. వీధి అరుగు మొదలు పెరటి గోడ దాకా రైలుపెట్టెల్లాగా ఒకదాని వెనక ఒకటి గదులు. నడిమి గదిలో కూర్చుంటే సెల్ టవరు సంకేతం అందీ అందనట్టుంటుంది. 2019 చివర్లో మన దేశంలో వైఫై మీదుగా మామూలు కాల్స్ వచ్చే సదుపాయం మొదలైంది. అప్పటినుంచి ఇలాంటి ఇళ్లలో వైఫై ఉంటేనే ఫోను మోగుతోంది. అది పోయిందంటే పిల్లల వీడియో కాల్ ఒక్కటే కాదు, అసలు ఫోనే మూగబోతుంది. అవతల దుబాయిలోనో డల్లాస్‌లోనో ఉన్నవాళ్లు "అమ్మ ఎత్తడం లేదేమిటి" అని కంగారుపడి అర్ధరాత్రి పక్కింటివాళ్లను లేపుతారు.

నేను టెలిఫోను శాఖలో లైన్ల మీద పనిచేసినవాణ్ణి. ఆ రోజుల్లో లైను చచ్చిపోయిందని ఫిర్యాదు వస్తే ఎక్స్ఛేంజి నుంచి ఇంటిదాకా ప్రతి స్తంభమూ ఎక్కేవాళ్లం కాదు. మధ్యలో ఉన్న డి.పి. డబ్బా దగ్గర పరీక్ష టెలిఫోను తగిలించి వినేవాళ్లం. అక్కడ డయల్ టోన్ వినిపిస్తే లోపం ఇంటివైపు, వినిపించకపోతే ఎక్స్ఛేంజివైపు. సగం పని అక్కడే తేలిపోయేది. వైఫైకి కూడా అదే పద్ధతి పనికొస్తుంది. మధ్యలో ఉన్న డి.పి. ఇక్కడ మీ గోడకు మేకు కొట్టి తగిలించిన ఆ తెల్లడబ్బా. దాని అవతల వీధిలోంచి వచ్చే ఫైబరు తీగ, ఇవతల గాలిలో మీ ఫోను దాకా వచ్చే వైఫై. రెండూ వేరువేరు లంకెలు. ఏది తెగిందో తెలియకుండా దేనిమీదా చెయ్యి వెయ్యకండి.

ఇంట్లో ఏ ఫోనుకూ రావడం లేదా? అయితే మీ ఫోను జోలికి పోకండి, డబ్బా మీది దీపాలు చూడండి. ఎల్.ఓ.ఎస్. అన్న చోట ఎర్రదీపం వెలుగుతున్నా, మిణుకుమిణుకుమంటున్నా ఫైబరులోంచి వెలుతురు అందడం లేదన్నమాట. తీగ ఎలుక కొరికి ఉండవచ్చు, వీధిలో ఎవరో తవ్వి ఉండవచ్చు, లేదా బల్ల జరిపినప్పుడు బాగా మడత పడి ఉండవచ్చు. మడత ఉంటే మెల్లగా సరిచెయ్యండి. లేకపోతే కంపెనీవాడికి చెప్పడమే, ఇంట్లో చేసేదేమీ లేదు. ఎర్రదీపం లేకుండా పి.ఓ.ఎన్. దీపం నిలకడగా వెలుగుతుంటే డబ్బా స్విచ్చి ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ వెయ్యండి. తేరుకోవడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది. ఈలోగా నాలుగుసార్లు ఆపి వెయ్యకండి. డబ్బా వెనక సూది పట్టేంత రంధ్రం ఒకటి ఉంటుంది. కుర్రవాళ్లకు దాన్ని చూస్తే చేతులు ఊరుకోవు. అందులో పిన్నీసు గుచ్చారా, కంపెనీవాడు పెట్టిన లెక్కలన్నీ చెరిగిపోతాయి. మళ్లీ వాడు వచ్చి పెట్టేదాకా ఇంటిల్లిపాదికీ ఉపవాసమే.

ఫోనులో వైఫై విసనకర్ర గుర్తు కనిపిస్తోంది గాని దాని పక్కన ఆశ్చర్యార్థకం ఉందనుకోండి. ఫోనుకూ డబ్బాకూ మధ్య స్నేహం బాగానే ఉంది, డబ్బాకు బయట దారి లేదు అని దాని అర్థం. బిల్లు గడువు దాటిందేమో ముందు చూడండి. ఫోనులో తేదీ, సమయం సరిగా ఉన్నాయో కూడా చూడండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయి చాలా రోజులు పడి ఉన్న ఫోనులో తేదీ వెనక్కి పోవడం కద్దు. తేదీ తప్పయితే వెబ్‌సైట్లు చూపించే గుర్తింపు పత్రాలను ఫోను చెల్లవనుకుంటుంది, ఏదీ తెరుచుకోదు.

ఇక అసలు చిక్కు మూడోది. మిగతా ఫోన్లన్నిటికీ వస్తోంది, ఒక్క ఫోనుకే రావడం లేదు. ఇలాంటప్పుడు ఇంట్లో అందరూ ఒక్క గొంతుతో ఇచ్చే తీర్పు "ఫోను పోయింది" అని. ఈ తీర్పు మీదే నాకు పేచీ.

మా బరంపురంలో మా పక్క వీధిలో ఒక పిన్నిగారున్నారు. 2021లో బాబాయిగారు పోయాక ఒక్కరే ఉంటున్నారు. 2024 దసరాలకు ముందు కంపెనీ కుర్రవాడు వచ్చి పాత వైఫై డబ్బా తీసేసి కొత్తది పెట్టాడు. మంచివాడే, అందరికీ ఇబ్బంది లేకుండా పాత పేరూ పాత పాస్‌వర్డే ఉంచాడు. మేడమీద అద్దెకున్నవాళ్ల ఫోన్లు ఎప్పటిలాగే పట్టుకున్నాయి. పిన్నిగారి ఫోను మాత్రం పట్టుకోలేదు. పేరు కనిపిస్తుంది, నొక్కితే ఒక క్షణం తిప్పలు పడి ఊరుకుంటుంది. బజారులో రిపేరు కొట్టుకు పట్టుకెళితే అతను అటూ ఇటూ తిప్పి, "పాతది గదమ్మా, ఫార్మాట్ కొడితే సరి. లేకపోతే కొత్తది కొనుక్కోండి" అన్నాడట. ఆవిడ ఫోను వెనక్కి లాక్కుని వచ్చేశారు.

"ఫార్మాట్ అంటే అంతా పోతుందట కద నాయనా. మీ బాబాయి గొంతు అందులోనే ఉంది" అన్నారు.

బాబాయిగారు ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో వాట్సాప్‌లో పంపిన మాటలవి. అన్నం తిన్నావా, తలుపు గడియ వేశావా, పాలవాడికి డబ్బిచ్చావా, అంతే. వాటికి మరో ప్రతి ఎక్కడా లేదు.

నేను చేసిన మొదటి పని నా ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి ఆవిడ ఫోనును దానికి కలపడం. టక్కున కలిసింది! అంటే ఆ ఫోనులో వైఫై భాగం నిక్షేపంగా ఉంది. పరీక్ష టెలిఫోనులో డయల్ టోన్ విన్నంత సంతోషమేసింది నాకు. రెండో పని, ఫోను సెట్టింగ్స్‌లో ఇంటి వైఫై పేరు మీద నొక్కి "ఫర్గెట్" అని, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టడం. చాలా ఇళ్లలో చిక్కు ఇక్కడితో వదిలిపోతుంది. పెద్దబడి అక్షరం, చిన్నబడి అక్షరం తేడా ఉంటుందని, సున్నా వేరు 'ఓ' వేరు అని గుర్తుంచుకుంటే చాలు. ఇక్కడ వదల్లేదు.

మరి పేరు అదే, పాస్‌వర్డ్ అదే, ఫోను మంచిదే. మారింది ఏమిటి? డబ్బా! వైఫైలో ఫోనూ డబ్బా ఒకరినొకరు గుర్తుపట్టడానికి ఒక రహస్య భాష ఉంటుంది. 2004లో వచ్చినది డబ్ల్యు.పి.ఎ.2. 2018లో వచ్చినది డబ్ల్యు.పి.ఎ.3. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి ఈ కొత్త భాష తెలిసిన ఫోన్లు రావడం మొదలైంది. పిన్నిగారిది 2017లో కొన్నది. కొత్త డబ్బాలో ఒక్క డబ్ల్యు.పి.ఎ.3 మాత్రమే పెట్టి ఉంది. ఇంకేముంది, ఇద్దరూ మంచివాళ్లే, మాట కలవలేదు.

డబ్బాను తిరగేస్తే అడుగున చీటీ మీద దాని సెట్టింగుల పేజీ చిరునామా ఉంటుంది. చాలావాటికి 192.168.1.1 అనో 192.168.0.1 అనో ఉంటుంది. లోపలికి వెళ్లడానికి పేరు, పాస్‌వర్డ్ కూడా సాధారణంగా ఆ చీటీ మీదే ఉంటాయి. మేడమీద అమ్మాయి ఫోనులో ఆ పేజీ తెరిచి, వైర్‌లెస్ సెక్యూరిటీ అన్నచోట రెండు భాషలూ కలిసి ఉన్న ఎంపిక పెట్టాము. ఒక నిమిషం తరువాత పిన్నిగారి ఫోను తనంతట తనే ఠంగుమంది. నాలుగు రోజుల మెసేజీలు ఒక్కసారిగా దిగాయి. కలిపిన ఎంపికతో కూడా పట్టకపోతే డబ్ల్యు.పి.ఎ.2 ఒక్కటే పెట్టండి. పాస్‌వర్డ్ గట్టిదైతే ఇంటికి అది చాలు. అంతేగాని విసుగు పుట్టి "ఓపెన్" అని, అంటే పాస్‌వర్డే లేకుండా వదిలెయ్యకండి. వీధి తలుపు తీసిపెట్టి పడుకున్నట్టే.

ఆ సాయంత్రమే ఆ మాటలన్నీ కంప్యూటరులోకి ఎక్కించి, రెండు పెన్‌డ్రైవుల్లో పెట్టి, ఒకటి పిన్నిగారి బీరువాలో, ఒకటి వాళ్ల అమ్మాయి దగ్గర ఉంచాము. అంత పాత ఫోనుకు భద్రతా మార్పులు రావడం ఆగిపోయి ఉంటుంది కాబట్టి బ్యాంకు పనులు మాత్రం అందులో పెట్టుకోవద్దని చెప్పాను. ఆవిడకు బ్యాంకు పనులు పాస్‌బుక్కుతోనే జరుగుతాయి, కాబట్టి నా సలహా వృథా.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. ఫోనులో "రీసెట్" అన్న మాట కింద రెండు వేరువేరు పనులున్నాయి. "నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్" చేస్తే గుర్తుపెట్టుకున్న వైఫై పాస్‌వర్డులు, బ్లూటూత్ జతలు వంటివి మాత్రమే పోతాయి. ఫోటోలు, మాటలు భద్రంగా ఉంటాయి. అన్నీ చేసి చూశాక దాన్ని నిర్భయంగా చెయ్యవచ్చు. "ఫ్యాక్టరీ రీసెట్" అంటే ఇల్లు ఊడ్చి తాళం చెవి అప్పగించడం. కొట్టువాడు ఫార్మాట్ అన్నది దీన్నే. వైఫై కోసం దాని దాకా పోవలసిన అవసరం చాలా అరుదు.

ఒక్క ఫోనుకే పట్టకపోవడానికి ఇంకా కొన్ని కారణాలున్నాయి. డబ్బా రెండు రకాల తరంగాలు పంపుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ నెమ్మదైనది గాని గోడలు దాటి దూరం పోతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగమైనది, మన పాత ఇటుక గోడలు రెండు దాటేసరికి నీరసపడుతుంది. చౌకరకం పాత ఫోన్లు కొన్నిటికి 5 అసలు కనపడనే కనపడదు. వంటింట్లో వాడే ఫోను 2.4లో ఉండడమే మేలు. (మైక్రోవేవ్ పొయ్యి పక్కన మాత్రం కాదు, అది కూడా ఇంచుమించు 2.4 దగ్గరే పనిచేస్తుంది.) అమెరికా నుంచి మనవడు తెచ్చిన ఫోనుకు మీ వైఫై పేరే కనిపించకపోతే డబ్బా 12వ చానెల్లోనో 13లోనో ఉందేమో చూడండి. అక్కడ 11 దాకానే వాడుక, అక్కడి అమ్మకానికి తయారైనవి కొన్ని ఆ పైవాటిని చూడవు. 1, 6, 11లో ఏదో ఒకటి పెడితే సరిపోతుంది. "ఐ.పి. అడ్రస్ పొందుతోంది" అంటూ గంటసేపు తిరుగుతుంటే, డబ్బా ఒక్కో ఫోనుకు ఇవ్వవలసిన టోకెన్ ఇవ్వలేకపోతోందన్నమాట. డబ్బా ఒకసారి ఆపి వెయ్యండి.

మనవాళ్లకు ప్రత్యేకమైన ఇబ్బంది ఇంకొకటుంది. ఫోను తెలుగులో పెట్టుకుంటాం. వచ్చిన కుర్రవాడికి ఒడియానో, కన్నడమో, మరాఠీయో తప్ప తెలుగు చదవడం రాదు. వాడు భాష ఇంగ్లీషుకు మార్చి పనిచేసి, అలాగే వదిలేసి పోతాడు. తరువాత ఆ ఫోను అమ్మమ్మకు పనికిరాదు. పంళ్లచక్రం బొమ్మ సెట్టింగ్స్‌ది, విసనకర్ర బొమ్మ వైఫైది. భాష ఏదైనా బొమ్మలు మారవు, వరస మారదు. మార్చక తప్పకపోతే వెళ్లేముందు తెలుగు తిరిగి పెట్టించుకోండి.

ఫిర్యాదు నంబరు కోసం గూగుల్‌లో వెతక్కండి. అక్కడ పైన కనిపించే నంబర్లలో దొంగలవి కూడా ఉంటాయి. "మీ వైఫై బాగుచేస్తాం, ఈ యాప్ వేసుకోండి, ఓ.టి.పి. చెప్పండి" అన్నారంటే పెట్టెయ్యండి. వైఫై బాగుచెయ్యడానికి ఓ.టి.పి. గాని, మీ ఫోను తెర చూడవలసిన పని గాని లేదు. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోను చెయ్యాలి. దేశమంతా అదే నంబరు. బిల్లు మీద అచ్చువేసిన నంబరు ఒక్కటే నమ్మండి.

ఆ నంబరు, మీ ఖాతా సంఖ్య, వైఫై పేరు, పాస్‌వర్డ్ ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి బీరువా తలుపు లోపలివైపు అంటించండి. మీకు వచ్చిన లిపిలో రాసుకోండి, పాస్‌వర్డ్ మాత్రం ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో. డబ్బా మార్చిన తేదీ కూడా దాని కిందే వేసి ఉంచండి, పాతఫోను ఆ రోజునుంచే మొరాయించిందేమో తేలిగ్గా తెలుస్తుంది.

వచ్చే సంచికలో గీజరులో పేరుకునే సున్నం గురించి. బళ్లారివారూ, షోలాపూరువారూ, మీ బోరు నీళ్ల సంగతి ముందుగా రాసి పంపండి.