గునపము పడక ముందే

1875వ సంవత్సరమున లండను నగరములో, సెయింటు పాల్ దేవాలయమునకు సమీపమున నున్న 'ఆక్స్‌ఫర్డ్ ఆర్మ్స్' అను పాత సత్రమును కూల్చివేయనున్నారని తెలియవచ్చినది. నడుమ ముంగిలి, దాని చుట్టును అంతస్తులుగా కొయ్య వసారాలు గల ఆ సత్రము గుర్రపుబండ్ల కాలము నాటిది. దానిని నిలుపగల శక్తి దాని అభిమానులకు లేకపోయినది. అప్పుడు ఆల్‌ఫ్రెడ్ మార్క్స్ అను నాతడును, మరి కొందరును కలిసి, గునపము పడక ముందే ఛాయాగ్రాహకులచే దాని చిత్రములు తీయించిరి. ఆ ప్రయత్నమే ఒక సంఘముగా రూపొంది, 1886 వరకు సాగి, పాత లండను కట్టడముల చిత్రములను 120 వెలువరించినది. సత్రము పోయినది, చిత్రములు నేటికిని ఉన్నవి.

ఈ కథ విని, చిత్రము మిగిలినది గనుక కట్టడము పోయినను చింత లేదని తలచువారు కలరు. అది సరియైన తలపు కాదు. తండ్రి పటము గోడకు వ్రేలాడినంత మాత్రమున తండ్రి లేని లోటు తీరునా? రాతి చల్లదనము, అరిగిన మెట్టు పాదమునకు తగిలెడు తీరు ఏ చిత్రమునకును అందవు. అయినను పటము లేని యింట మనుమడు తాత ముఖ మెరుగడు. కట్టడమునకు ఛాయాచిత్రము సాక్షి వంటిది. సాక్షి మాటకు విలువ కట్టవలెనన్న, ఆతడు ఎప్పుడు చూచెను, ఎచట నిలిచి చూచెను, ఎవరి పక్షమున చూచెను అని అడుగక తప్పదు.

పక్షము మాట వచ్చినది గనుక పారిస్ నగరపు ఉదాహరణము చూడదగినది. 1850–1870 సంవత్సరముల నడుమ ఆ నగరమున హౌస్మన్ అను అధికారి ఇరుకు వీధులను కూలద్రోయించి విశాలమైన రాజమార్గములు వేయించెను. కూలనున్న వీధులను చిత్రించుటకు నగరపాలకులే చార్లెస్ మార్విల్ (1813–1879) అను ఛాయాగ్రాహకుని నియమించిరి. ఆతడు సుమారు 425 వీధిచిత్రములు తీసెను. గాజుపలకపై రసాయనము పూసి, అది ఆరిపోక ముందే చిత్రము తీసి కడుగవలసిన కాలమది. పలక వెలుగును గ్రహించుటకు కొంత వ్యవధి పట్టును; ఈలోగా నడచిపోవువారు దానిపై నిలువరు. అందువలన ఆ వీధులు పెక్కు చిత్రములలో నిర్మానుష్యముగ కనబడును. చూచువానికి, ఎవరును లేని వీధిని కూల్చిన నష్టమేమి అనిపించును. కాని ఆ యిండ్లలో జనులు కాపురములు చేసిరి. వారిలో పలువురు నగరపు అంచులకు తరలిపోవలసి వచ్చెను. ఆ సంగతి చిత్రము చెప్పదు, చరిత్ర చెప్పును. అట్లని మార్విల్ శ్రమను తీసివేయరాదు. కూల్చిన చేయియే సాక్ష్యమును భద్రపరచుట లోకములో తరచుగ జరుగునది కాదు.

హైదరాబాదు నగరమునకు సైతము గొప్ప సాక్షి యొకడు లభించెను. రాజా దీన్ దయాళ్ (1844–1905) ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడు. ఆతని చిత్రములలో బషీర్‌బాగ్ రాజభవనము ఠీవిగా నిలిచియున్నది. నేడు ఆ భవనము లేదు. పేటకు పేరు మాత్రము మిగిలినది. నిత్యము ఆ దారిని బస్సులలో పోవు విద్యార్థులలో ఎందరికి ఆ పేరు వెనుక నొక మేడ యుండెనని తెలియును? అయితే ఆస్థానపు కొలువులో నున్నవాని కంటికి ముఖ్యముగ కనబడునవి ప్రభువులు, భవనములు, వేటలు, విందులు. సామాన్యుని గల్లీకి ఆ భాగ్యము పట్టుట అరుదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలకొలది యిండ్లను కబళించినది. ఆ యిండ్ల నెవరు చిత్రించి యుందురు?

ఇటీవల అదే నగరమున రెండు కట్టడముల గతి రెండు విధములైనది. నవాబు ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్‌ను తొలగించి అచట శాసనసభా భవనము నిర్మింపవలెనని 2019లో రాష్ట్ర మంత్రివర్గము నిర్ణయించెను. కొందరు పౌరులు న్యాయస్థానము నాశ్రయింపగా, ఆ సెప్టెంబరులోనే హైకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసినది. 2020 జూలైలో పాత సచివాలయమును కూల్చినప్పుడు మాత్రము, అందలి 1888 నాటి సైఫాబాదు రాజభవనమును నేలమట్టమైనది. అదే ఆవరణమున 2023లో నూతన సచివాలయము ప్రారంభమైనది. మొదటి దానిని కాపాడినది చిత్రములు కావు. జనుల పట్టుదలయు న్యాయమును. కాని తామెరుగని గోడ కొరకు ఎవరును న్యాయస్థానపు మెట్లెక్కరు. ఆ యెరుక కలిగించుటకు చిత్రము తోడ్పడును.

నేడు కెమెరా లేని జేబు అరుదు. పగిలిన గోడ, బీటలో మొలచిన రావిమొక్క, దానిపై సాయంకాలపు ఎండ ఉన్నచో చాలును, అందమైన చిత్రము సిద్ధము. ఈ అందముతోనే చిక్కు. మూసీ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి పాత భవనములోనికి వర్షపు నీరు చొరబడగా, 2020లో రోగులను అచటినుండి తరలించిరి. వన్నె తరిగిన గుమ్మటములను మాత్రమే చూపు చిత్రము, తరతరముల బీదలు అచట పొందిన చికిత్సను చెప్పదు; భవనము ఏల ఖాళీ అయినదో చెప్పదు. దాని నిర్లక్ష్యమునకు బాధ్యులెవరను ప్రశ్నయే చూచువారి మనస్సున పుట్టదు.

ఈ లోపమునకు మందు మార్క్స్ చూపినదే. సంఘము వెలువరించిన చిత్రములకు ఆతడు వివరణములు వ్రాసెను. చిత్రమునకు వ్రాత తోడు కావలెను. ఈ పనికి పాఠశాల కంటె తగిన చోటు లేదు. ప్రతి పాఠశాలయు తన యూరి కట్టడములను, వీధులను ఏటేట ఒకే స్థలమున నిలిచి చిత్రింపవచ్చును. తీసిన తేది, నిలిచిన చోటు, చూచిన దిక్కు, ఆ కట్టడము ఎవరికి ఏ పనికి వచ్చినది, ఆ సంగతి చెప్పిన వారెవరు: ఈ యైదును చిత్రము క్రింద వ్రాసిన చాలును. కోటలు, మేడలు మాత్రమే కాక, మూతపడిన సినిమా హాలు, ఇరానీ హోటలు, మిల్లు, పూడిన బావియు అందు చేరవలెను. కూలనున్న కప్పుల క్రిందికి పిల్లలను పంపరాదు. వీధిలో నిలిచి తీసినను సాక్ష్యమే. పరీక్షల నడుమ దీనికి తీరిక యెక్కడిదని ఉపాధ్యాయు లడుగవచ్చును. ఇంటి ప్రక్క ముసలివానిని పలుకరించి, విన్నదానిని తప్పు లేకుండ నాలుగు వాక్యములలో వ్రాయుటకంటె మంచి చరిత్రపాఠము గాని, భాషాపాఠము గాని ఉండునా?

నగరము మారక తప్పదు. ఇరుకు గదులలో, మురుగు ప్రక్కన నివసించువారిని, చూచుటకు బాగున్నదని అట్లే యుండుమనుట న్యాయము కాదు. కొన్ని కట్టడములు పోవును, కొన్ని నిలుచును. ఏది పోవలెను, ఏది నిలువవలెనను తీర్పు ప్రజలది. ఆ తీర్పునకు ముందు సాక్షిని విచారింపవలెను. విచారించుటకు సాక్షి యొకడు ఉండవలెను.