డాబా లేనివాడి సూర్యుడు

సూర్యుణ్ణి ప్రత్యక్ష నారాయణుడన్నారు మన పెద్దలు. పేదవాడి పాక మీదా, కలవాడి మేడ మీదా ఒక్కలాగే ఎండ కాస్తాడు కనుక ఆ మాట అన్నారేమో! కాని అదే ఎండ కరెంటుగా మారి బిల్లు తగ్గించే వేళకు మాత్రం డాబా వున్నవాడి సూర్యుడు వేరు, డాబా లేనివాడి సూర్యుడు వేరు అయిపోతున్నాడు. ఈ సంగతి నాకు ఫిజిక్సు పుస్తకంలో దొరకలేదు. రాజమండ్రిలో మా అక్క అద్దెకుంటున్న ఇంట్లో తెలిసింది.

క్రిందటి వేసవి సెలవుల్లో అక్క దగ్గరకు వెళ్ళాను. బావ బట్టల కొట్లో గుమాస్తా. కింద వాటాలో వీళ్ళు, పైన ఇంటివారు. ఏటా డాబా మీద పెట్టే వడియాలు ఈసారి వీధి గుమ్మంలో కుర్చీ మీద ఎండుతున్నాయి. ఇదేంటక్కా అంటే, “ఏం చెయ్యనురా, డాబా అంతా సోలార్ పలకలు పరిచేశారుగా!” అంది. పైకెళ్ళి చూస్తే నిజమే, ఆరు నల్లని పలకలు. ఇంటివారు మంచివారే. సైన్సు విద్యార్థినని తెలిసి అన్నీ విప్పి చెప్పారు.

కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పి.ఎం. సూర్యఘర్ పథకం క్రింద కోటి ఇళ్ళ మీద ఈ పలకలు పెట్టించాలన్నది లక్ష్యం. కేటాయించిన మొత్తం 75,021 కోట్ల రూపాయలు. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30 వేలు, మూడవ కిలోవాటుకు 18 వేలు సబ్సిడీ. అంటే 3 కిలోవాట్లకు 78 వేలు. అంతకు మించి ఎంత పెట్టుకున్నా సబ్సిడీ అంతే. ముందు పలకలు పెట్టించుకోవాలి, తరువాత సబ్సిడీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి. దానికి రోజుకు సరాసరి నాలుగు యూనిట్లు వస్తుంది. పగలు మిగిలిన కరెంటు లైనులోకి పోతుంది, రాత్రి కావలసినది లైను నుంచి వస్తుంది. రెండింటి తేడా నెట్ మీటరు లెక్క కడుతుంది.

ఇక లెక్క చూద్దాం. 3 కిలోవాట్లకు ప్రభుత్వం వేసిన ప్రామాణిక ధర 1,45,000. సబ్సిడీ పోగా ఇంటివారి చేతి సొమ్ము 67 వేలు. బజారు ధర అంతకంటే ఎక్కువే అనుకున్నా, నెలకు 300 యూనిట్లు వాడే ఇంటికి 2022లో ప్రకటించిన స్లాబుల ప్రకారం యూనిట్ల చార్జీయే 1,673 రూపాయలు. అదంతా మిగిలితే ఏడాదికి 20 వేలు. ఐదారేళ్ళలో పెట్టుబడి తిరిగొస్తుంది. పలకలు పాతికేళ్ళు పనిచేస్తాయంటారు. ఏ పంటలోనైనా ఇంత లాభం వుందా?

అప్పుడు అక్క అమాయకంగా అడిగింది: “మరి మా మీటరుకి కూడా ఏవన్నా తగ్గుద్దా బాబాయిగారూ?” ఆయన నవ్వి, “మీ మీటరు వేరు కదమ్మా!” అన్నారు. ఆయన తప్పేమీ లేదు, నిబంధన అది.

పెనుగొండ వచ్చి ఈ కబురు చెబితే మా నాన్న చుట్ట ఆర్పి, “ఇందులో కొత్తేవుందిరా? దున్నేది మనం, పాసుపుస్తకం వాళ్ళది. అక్కడ కరెంటు కాల్చేది మీ అక్క, డాబా వాళ్ళది. ఇదీ కౌలు లెక్కే!” అన్నాడు.

నాన్న మాట నన్ను చాలా రోజులు వదలలేదు. మాకు సొంతం ఎకరం, కౌలుకు మూడెకరాలు. కౌలుదార్ల కోసం 2011లో ఒక చట్టం, 2019లో మరొక చట్టం వచ్చాయి. అయినా భూమి యజమాని సంతకం పెడితేనే కార్డు. వరద వస్తే మునిగేది మా చేను, సాయం వెతుక్కుంటూ వెళ్ళేది పాసుపుస్తకం దగ్గరికి. పల్లెలో భూమి లేనివాడికి జరిగిందే పట్నంలో డాబా లేనివాడికీ జరుగుతోంది.

డబ్బు పెట్టినవాడికి ఫలం దక్కడం న్యాయమే కదా అని కొందరు మిత్రులు వాదించారు. న్యాయమే! కాని ఆ 67 వేలు ఇంటివారివి, 78 వేలు అందరివీ. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా పన్ను కట్టే మా అక్కది కూడా అందులో వుంది. పైగా నెలకు 100 యూనిట్లు వాడే అక్కకు యూనిట్ల చార్జీ 305 రూపాయల లోపే. ఒక్క కిలోవాటు వాటా దొరికితే అదంతా తీరిపోతుంది. ప్రామాణిక ధర ప్రకారం ఆమె పెట్టవలసింది 20 వేలు. చీటీ పాడైనా బావ కట్టేవాడే. లేనిది డబ్బు కాదు, పలక ఆనించే చోటు.

మన రాష్ట్ర ప్రభుత్వం 2025లో ఎస్.సి., ఎస్.టి. కుటుంబాలకు 2 కిలోవాట్లు ఉచితంగానూ, బి.సి. కుటుంబాలకు అదనంగా 20 వేల సబ్సిడీ గానూ ప్రకటించింది. మెచ్చుకోవలసిందే. కాని అక్కడా చోటు చూపించాల్సిందే కదా!

నేను కోరేది ఒక్కటే. సబ్సిడీని డాబాకు కాదు, మీటరుకు ఇవ్వండి. బడులు, మార్కెట్ యార్డులు, ఆఫీసుల కప్పుల మీద పలకలు పరిచి, డాబా లేనివారికి కిలోవాటు, అర కిలోవాటు వాటాలివ్వండి. అక్కడ పుట్టిన యూనిట్లు వారి బిల్లులో తగ్గించండి. ఇల్లు మారితే వాటా కూడా కొత్త మీటరుకు మారాలి. ఇది గాలిలో మేడ కాదు. ఒకచోట పలకలు, పలు మీటర్లకు వాటాలు అనే పద్ధతికి దిల్లీ విద్యుత్ నియంత్రణ మండలి 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మన పట్టణాల్లో అద్దెవాడి బిల్లు మీద అది కనిపించే రోజు రావాలి.

గోదావరి జిల్లాల వాళ్ళకు పంచుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. ధవళేశ్వరంలో ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి కాలువ నీళ్ళు పంచుకుంటూనే వున్నాం. నీళ్ళు చాలని ఏడు వంతులు పెట్టుకున్నాం, శివారు చేలకు అందలేదని దెబ్బలాడుకున్నాం. కాలువ గట్టున చేనున్నవాడికే నీళ్ళని మాత్రం ఏనాడూ ఒప్పుకోలేదు. నీటికి వున్న ఆ న్యాయం ఎండకు ఎందుకు వుండకూడదు?

మిత్రులారా! ఈ మాటలు చదివాక ఒక్కసారి మన కాలేజీ మేడ మెట్లెక్కి చూడండి. ఎకరాల లెక్కన కాకపోయినా, గదుల లెక్కన బోలెడంత చోటు ఖాళీగా ఎండకు కాలుతోంది. అక్కడ పలకలు పరిచి, మొదటి వాటా మన కాలేజీ అటెండర్లకు, ఈ వూళ్ళో గదులు అద్దెకు తీసుకుని చదువుకునే మన తోటివారికి ఇమ్మని వచ్చే ఏటి యూనియన్ అడగాలి. వడియాలకు కూడా ఒక మూల వదిలిపెట్టమని మా అక్క తరఫున నా మనవి!